నవ్వితే పలికే గొంతు, మాట్లాడబోతే ఎందుకు పట్టేస్తుంది?

ఫోన్ మోగుతుంది. ఎత్తి "హలో" అనాలి. ఆ ఒక్క మాట కోసం గొంతు పెనుగులాడుతుంది. మాట సగంలో తెగుతుంది, మళ్లీ అతుక్కుంటుంది, మళ్లీ తెగుతుంది. అవతలివాళ్లు "సిగ్నల్ సరిగా లేదండీ, కట్ అవుతోంది" అంటారు. సిగ్నల్ బాగానే ఉంది, కట్ అవుతున్నది గొంతు. ఫోన్ పెట్టేశాక పక్కనున్న పిల్లాడు ఏదో అంటే అదే మనిషి పకపకా నవ్వుతుంది. ఆ నవ్వులో ఎక్కడా అడ్డంకి ఉండదు. కూనిరాగం తీస్తే సాఫీగా సాగుతుంది. చెవిలో గుసగుసలాడితే ప్రతి మాటా తెలుస్తుంది. మామూలుగా మాట్లాడబోతే మాత్రం ఎవరో గొంతు నొక్కినట్టే ఉంటుంది.

ఈ జబ్బు పేరు స్పాస్మోడిక్ డిస్ఫోనియా. ఈమధ్య పరిశోధకులు లారింజియల్ డిస్టోనియా అనే పేరును ఎక్కువగా వాడుతున్నారు. మొదటి పేరు చెవికి వినిపించేదాన్ని చెబుతుంది, అంటే బిగుసుకుపోయి చెడిన గొంతు అని. రెండో పేరు ఇది ఏ కుటుంబానికి చెందిన జబ్బో చెబుతుంది. డిస్టోనియా అంటే మెదడు నుంచి కండరాలకు వెళ్లే ఆజ్ఞలు గతి తప్పడం వల్ల ఆ కండరాలు మన ప్రమేయం లేకుండా బిగుసుకుపోవడం. పెన్ను పట్టుకుని రాసేటప్పుడు మాత్రమే కొందరికి చెయ్యి వంకర్లు పోతుంది, అదే చేత్తో అన్నం కలుపుకోవడానికి ఏ ఇబ్బందీ ఉండదు. అది చేతికొచ్చిన డిస్టోనియా. ఇది గొంతుకొచ్చింది.

ఇది అరుదైన జబ్బు. ఎక్కువగా నడివయసులో మొదలవుతుంది, మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. ఒక జలుబు తర్వాతో, ఇంట్లో పెద్ద కష్టం వచ్చిన రోజుల్లోనో మొదలైందని చాలామంది చెబుతారు. జలుబు తగ్గుతుంది, కష్టం గట్టెక్కుతుంది, గొంతు మాత్రం దారికి రాదు. అమెరికాలో 107 మంది రోగులను అడిగి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, గొంతు బాగాలేదని మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోజు నుంచి జబ్బు పేరు తెలిసేదాకా సగటున 4.4 ఏళ్లు పట్టింది. ఆలోపు ఒక్కొక్కరు సగటున నలుగురు డాక్టర్లను చూశారు. నాలుగేళ్లకు పైగా అసిడిటీ మాత్రలు మింగుతూ, "గొంతుకు రెస్ట్ ఇవ్వండి", "టెన్షన్ తగ్గించుకోండి" లాంటి సలహాలు వింటూ గడపడమన్నమాట.

ఇంత ఆలస్యం ఎందుకు? నాకు తోచినంతలో అసలు చిక్కు ఒక్కటే. ఈ జబ్బును పట్టుకోవడానికి అన్నిటికన్నా పనికొచ్చే లక్షణమే, జబ్బేమీ లేదనడానికి సాక్ష్యంలా కనిపిస్తుంది. నవ్వినప్పుడు గొంతు బాగుంటే ఇక గొంతులో లోపమేముంది, ఉంటే మనసులోనే ఉండాలి అనిపిస్తుంది. దాదాపు వందేళ్ల పాటు డాక్టర్లకూ అలాగే అనిపించింది.

పరుషాలు, సరళాలు

గొంతు మీద రెండు వేళ్లు ఆనించి "మ్‌మ్‌మ్" అనండి. వేళ్లకు ప్రకంపన తెలుస్తుంది. ఇప్పుడు "స్‌స్‌స్" అనండి, ఏమీ తెలియదు. స్వరపేటికలో రెండు చిన్న మడతలుంటాయి, వాటినే స్వరతంత్రులు అంటాం. ఊపిరి తీసేటప్పుడు అవి విడిపోయి గాలికి దారి ఇస్తాయి. "మ" అనేటప్పుడు దగ్గరకొచ్చి, కింది నుంచి వచ్చే గాలికి రెపరెపలాడతాయి. ఆ కొట్టుకోవడం మగగొంతులో సెకనుకు 100 సార్లకు పైగా, ఆడగొంతులో 200 సార్ల దాకా జరుగుతుంది. "స" అనేటప్పుడు ఆ కాసేపూ విడిపోతాయి.

బడిలో వ్యాకరణం క్లాసులో బట్టీ పట్టిన పరుషాలు, సరళాలు గుర్తున్నాయా? క, చ, ట, త, ప పరుషాలు. గ, జ, డ, ద, బ సరళాలు. పరుషం పలికేటప్పుడు స్వరతంత్రులు కొట్టుకోవు, సరళం పలికేటప్పుడు కొట్టుకుంటాయి. అచ్చులన్నిటికీ కొట్టుకుంటాయి. "తాడు" అనే చిన్న మాటలోనే తంత్రులు విడిపోయి, కలిసి, కలిసే ఉండిపోవాలి. ఒక వాక్యంలో ఈ తెరవడం, మూయడం ఎన్నోసార్లు, క్షణంలో చిన్న భాగం కూడా అటూ ఇటూ కాకుండా జరిగిపోతుంది. మనకు తెలియను కూడా తెలియదు.

జబ్బులోని రెండు ప్రధాన రకాలు ఇక్కడే విడిపోతాయి. మొదటిది అడక్టర్ రకం, పదిమంది రోగుల్లో ఎనిమిది తొమ్మిది మందికి ఉండేది ఇదే. మూసే కండరాలు అవసరానికి మించి బిగుసుకుని, తంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా అదుముకుంటాయి. గాలి ఆగిపోతుంది, గొంతు అచ్చు మధ్యలో పుటుక్కున తెగుతుంది, నొక్కిపట్టినట్టు వినిపిస్తుంది. రెండోది అబ్డక్టర్ రకం. పరుషం కోసం విడిపోయిన తంత్రులు, తర్వాతి అచ్చుకు సమయానికి దగ్గరకు రావు. మాట మధ్యలో గాలి బుస్సుమని పోతుంది, ధ్వని మాయమవుతుంది. రెండు లక్షణాలూ కలిసి ఉన్నవాళ్లూ ఉన్నారు, గొంతులో వణుకు తోడైనవాళ్లూ ఉన్నారు.

అందుకే పరీక్షించేవాళ్లు ఏదో ఒకటి మాట్లాడమనరు, ఏరి కూర్చిన వాక్యాలు చెప్పిస్తారు. ఇంగ్లిష్‌లో అడక్టర్ రకానికి 80 నుంచి 89 దాకా, అబ్డక్టర్ రకానికి 60 నుంచి 69 దాకా లెక్కపెట్టమనడం ఒక అలవాటు. "సిక్స్‌టీ"లో స, క, ట అన్నీ తంత్రులు విడిపోయే ధ్వనులే. ఇదే పరీక్షను తెలుగులోకి మార్చి "అరవై, అరవై ఒకటి" అనమంటే ప్రయోజనం ఉండదు. "అరవై"లో పరుషం ఒక్కటీ లేదు, మొత్తం తంత్రులు కలిసి ఉండే ధ్వనులే. పరీక్ష తలకిందులైపోతుంది.

నేను ఇంట్లో కూర్చుని కూర్చిన రెండు వాక్యాలు చూడండి. "అన్నయ్య ఇవాళ ఊళ్లో లేడు." ఇందులో పరుషమే లేదు, అడక్టర్ రకం ఉన్నవాళ్లకు కష్టపడాల్సిన వాక్యం. "పక్కింటి తాత కొత్త చెప్పులు తెచ్చాడు." ఇది పరుషాలమయం, అబ్డక్టర్ రకాన్ని బయటపెట్టాలి. పెట్టాలి అంటున్నాను, పెడుతుందని కాదు. ఇంగ్లిష్‌లో పదం మొదట వచ్చే ప తర్వాత ఒక గాలి ఊపు ఉంటుంది, మన ప తర్వాత అది ఉండదు. తంత్రులు తెరుచుకునే తీరే వేరు కాబట్టి మన వాక్యం అంత గట్టిగా పనిచేయకపోవచ్చు. ఇవి రోగుల మీద పరీక్షించి నిగ్గుతేల్చినవి కావు, విషయం అర్థం కావడానికి రాసినవి. ఏ భాషకు ఆ భాషలో, ఆ ధ్వనుల లెక్కతో పరీక్షలు తయారుచేయాలన్నదే నేను చెప్పదలుచుకున్నది. అనువాదంతో అయ్యే పని కాదు.

మనసు మీదికి తోసేసిన రోజులు

1871లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ ట్రాబె ఈ లక్షణాలను మొదటిసారి వివరించాడు. నరాల సంబంధమైన, బిగుసుకుపోయే రకం బొంగురు గొంతు అన్న అర్థంలో పేరు పెట్టాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు దీన్ని హిస్టీరియా లెక్కల్లో వేశారు. పైకి చెప్పుకోలేని బాధ గొంతును పట్టేస్తోందనేవాళ్లు. రోగులకు ఇచ్చింది మానసిక చికిత్స. అది పనిచేయకపోతే తప్పు రోగిదే అన్నట్టు చూశారు. ఈ భాగం చదివిన ప్రతిసారీ నాకు కష్టంగా ఉంటుంది. మాట్లాడలేని మనిషికి, నువ్వు మాట్లాడాలనుకోవడం లేదు అని చెప్పడం కన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది?

1976లో అమెరికన్ సర్జన్ హెర్బర్ట్ డీడో ఒక సాహసం చేశాడు. స్వరపేటికకు వెళ్లే నరాన్ని ఒకవైపు కోసేశాడు. ఒక తంత్రి కదలిక పోవడంతో రెండూ గట్టిగా అదుముకోవడం ఆగింది, గొంతు తేలికపడింది. అయితే చాలామందిలో కొన్నేళ్లకు బిగుతు తిరిగొచ్చింది. చికిత్సగా నిరాశే, కానీ దాని నుంచి నేర్చుకున్నది చిన్నది కాదు. ఒకవైపు నరాన్నే తెంపినా బిగుతు మరో దారి వెతుక్కుందంటే, దాని మూలం నరంలో లేదు, ఇంకా పైన ఉంది.

1984లో న్యూయార్క్‌లో ఆండ్రూ బ్లిట్జర్ స్వరపేటిక కండరంలోకి, దాని బిగుతును సడలించే బొటులినమ్ టాక్సిన్ ఎక్కించాడు. నలుగురి నోళ్లలో నానే బొటాక్స్ అదే. ఇప్పటికీ ఎక్కువమందికి చేసే చికిత్స ఇదే. మెడ ముందువైపు నుంచి సన్నని సూది పోనిచ్చి, "ఈ..." అనమంటారు. సూదికి కలిపిన యంత్రంలో కండరం చేసే చిటపటలు గట్టిగా వినిపిస్తే సరైన కండరంలోకి చేరినట్టు. అప్పుడు చాలా తక్కువ మోతాదులో మందు వదులుతారు. మొదటి వారం రెండు వారాలు గొంతు గాలిగా ఉంటుంది, నీళ్లు తాగితే పొలమారవచ్చు. తర్వాత గొంతు కుదుటపడుతుంది, మూడు నాలుగు నెలలకు మందు ప్రభావం తగ్గిపోతుంది, మళ్లీ సూది. అమెరికన్ రేడియోలో పేరున్న డయాన్ రీమ్‌కు ఈ జబ్బు ఉందని 1998లో తేలింది. ఆమె ఇలా ఇంజెక్షన్లు తీసుకుంటూనే 2016 దాకా రోజువారీ కార్యక్రమం నడిపింది. గొంతే బతుకుతెరువు అయిన మనిషికి అది ఎంత పెద్ద విషయమో!

టెన్షన్ సంగతి కూడా చెప్పాలి. టెన్షన్ పడితే ఈ లక్షణాలు ఎక్కువవుతాయన్నది నిజమే. పార్కిన్సన్స్ వణుకు కూడా టెన్షన్‌లో ఎక్కువవుతుంది. అంతమాత్రాన పార్కిన్సన్స్‌ను మనసు జబ్బు అనం కదా.

పేరు పెట్టడం దగ్గరే చిక్కు

దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు. మామూలు స్కాన్‌లో ఏమీ కనిపించదు. స్వరపేటికలోకి కెమెరా పెట్టి చూస్తే, మాట్లాడకుండా ఉన్నంతసేపూ అంతా శుభ్రంగా ఉంటుంది. కెమెరా కూడా రెండు రకాలు. గట్టి గొట్టాన్ని నోట్లోంచి పెట్టేటప్పుడు నాలుకను బయటికి లాగి పట్టుకుంటారు. అలాంటప్పుడు "ఈ..." అనడం తప్ప వాక్యం చెప్పడం కుదరదు. ఈ జబ్బేమో వాక్యంలోనే బయటపడుతుంది. ముక్కులోంచి పంపే సన్నని, వంగే కెమెరా అయితే మాట్లాడుతుండగానే తంత్రులు ఎక్కడ బిగుస్తున్నాయో చూడొచ్చు. "నార్మల్" అని రాసిన రిపోర్టు చేతిలో ఉంటే, ఏ కెమెరాతో, ఏం మాట్లాడించి చూశారన్నది అడగదగ్గ ప్రశ్న.

2008లో ఈ రంగంలోని నిపుణులు మూడు మెట్ల పద్ధతిని సూచించారు. ముందు ప్రశ్నలు, తర్వాత వాక్యాలు చెప్పించి వినడం, చివరికి ముక్కులోంచి కెమెరా. మొదటి మెట్టులోనే మన నవ్వు ప్రశ్న ఉంది: మాట్లాడటం కష్టమైనప్పుడు కూడా బాగా వచ్చే ధ్వనులేమైనా ఉన్నాయా? గుసగుస, నవ్వు, ఏడుపు, ఆవులింత?

ఎక్కువ గందరగోళం వచ్చేది మజిల్ టెన్షన్ డిస్ఫోనియాతో. అందులో కూడా గొంతు నొక్కిపట్టినట్టే ఉంటుంది. కానీ అది మెదడు ఆజ్ఞల లోపం కాదు, గొంతు చుట్టూ కండరాలను అతిగా బిగించే అలవాటు. స్పీచ్ థెరపిస్ట్ దగ్గర సరైన సాధన చేస్తే చాలావరకు తగ్గుతుంది. ఒకదానికి సాధన, ఇంకొకదానికి సూది. అంటే పేరు తప్పితే చికిత్సా తప్పుతుంది. ఈ రెండింటినీ విడదీయడానికి 2005లో నెల్సన్ రాయ్ బృందం ఒక సులువైన తేడా చూపించింది. అడక్టర్ రకంలో "ఆ..." అని ఒక అచ్చును సాగదీస్తే ఇబ్బంది తక్కువ, వాక్యాలు చెబితే ఎక్కువ. మజిల్ టెన్షన్‌లో రెండింటికీ పెద్ద తేడా ఉండదు. పని మారితే గొంతు మారడం డిస్టోనియా గుర్తు, ఏ పనికైనా ఒకేలా ఉండటం బిగింపు గుర్తు. వణుకు జబ్బు అయితే సాగదీసిన "ఆ..."లోనే అల అలగా బయటపడుతుంది.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నది గదిలోకి వచ్చేసరికి అంత తేలిక కాదు. ఒకే రోగిని చూసిన అనుభవజ్ఞులు వేర్వేరు పేర్లు పెట్టడం పరిశోధనల్లోనే బయటపడింది. 2018లో క్రిస్టీ లడ్లో బృందం ప్రచురించిన పనిలో మొదట తేలింది ఇదే, నిపుణుల మధ్య ఏకాభిప్రాయం చాలా తక్కువ. అందుకే వాళ్లు మళ్లీ మొదటికొచ్చి, ఏ లక్షణం ఉంటే ఏ పేరు పెట్టాలో నిపుణుల చేత విడతలు విడతలుగా చర్చింపజేసి ఒప్పందానికి తెచ్చారు. వినడానికి ఇది చప్పగా ఉంటుంది, కొత్త మందు కనిపెట్టినంత కబురు కాదు. కానీ నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకన్నా విలువైన పని తక్కువ. ఎవరు రోగులో తేలకుండా మందు పనిచేసిందో లేదో ఎలా తేలుస్తాం?

మెదడులో చూసినవి

నవ్వు ఎందుకు బాగుంటుందన్న ప్రశ్నకు జవాబు మెదడు దారుల్లో ఉంది. పసిబిడ్డకు ఏడవడం ఎవరూ నేర్పరు. ఏడుపు, నవ్వు పుట్టుకతో వచ్చినవి, వాటిని నడిపేవి మెదడు లోతుల్లోని పాత భాగాలు. మాట నేర్చుకున్నది, దాన్ని నడిపేది మెదడు పైపొరలోని కదలికల కేంద్రం. గొంతు ఒకటే, కండరాలు అవే, కానీ వాటికి ఆజ్ఞలు వచ్చే దారులు వేరు. ఒక దారి చెడి, ఇంకొకటి బాగుంటే మాట తెగుతుంది, నవ్వు నిలుస్తుంది. గుసగుసలో తంత్రులు కొట్టుకోనవసరమే లేదు. పాట సంగతి మాత్రం ఇంత సూటిగా లేదు. అదీ నేర్చుకున్నదే, అయినా చాలామందికి మాటకన్నా సాఫీగా వస్తుంది, కొందరికి అదీ చెడుతుంది.

2008లో క్రిస్టినా సిమోన్యన్, లడ్లో, వాళ్ల బృందం 20 మంది రోగుల మెదళ్లను ప్రత్యేకమైన ఎంఆర్ఐతో చూశారు. చనిపోయిన ఒక రోగి మెదడు కణజాలాన్నీ పరీక్షించారు. పైపొర నుంచి కిందికి ఆజ్ఞలు మోసుకెళ్లే నరాల కట్టలో, ముఖం, గొంతులకు సంబంధించిన చోట పోగులు పల్చబడి కనిపించాయి. ఆ తర్వాతి అధ్యయనాల్లో స్పర్శను, కదలికను నడిపే పైపొరలో, కదలికలను సరిచూసే లోపలి భాగమైన బేసల్ గాంగ్లియాలో, చిన్న మెదడులో తేడాలు కనిపించాయి, మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే డోపమిన్ అనే రసాయనం విడుదలలోనూ కనిపించాయి. ఏదో ఒక చోట తెగిన తీగ కాదిది, ఒక యంత్రాంగం మొత్తం సమన్వయం తప్పడం. జన్యువుల పాత్ర కొందరిలోనే స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో మూలాలున్న ఒక పెద్ద ఆస్ట్రేలియన్ కుటుంబంలో తరతరాలుగా గుసగుసలాంటి గొంతుతో వస్తున్న డిస్టోనియాకు టీయూబీబీ4ఏ అనే జన్యువులోని మార్పు కారణమని 2013లో తేలింది. ఎక్కువమంది రోగుల్లో ఇలా చూపించగల జన్యువేదీ దొరకలేదు.

2020లో సిమోన్యన్, డేవిడే వలేరియానీ తయారుచేసిన డిస్టోనియానెట్ అనే కృత్రిమ మేధ పద్ధతి వార్తల్లోకి వచ్చింది. 612 మంది ఎంఆర్ఐలతో చేసిన ఆ పనిలో, మెదడు స్కాన్ చూసి డిస్టోనియా ఉందో లేదో 98.8 శాతం కచ్చితత్వంతో, సెకనులో సగం కూడా పట్టకుండా చెప్పగలిగింది. మనిషి కంటికి నార్మల్‌గా కనిపించే స్కాన్‌లో జబ్బు ఆనవాలు నిజంగానే ఉందని ఇది చూపించింది, రోగుల మాటకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం లేదు. అయినా ఒక జాగ్రత్త అవసరం. అక్కడ పోల్చింది రోగులను ఆరోగ్యవంతులతో. క్లినిక్‌లో డాక్టర్‌కు ఎదురయ్యే ప్రశ్న అది కాదు. గొంతు చెడిన మనిషే ఎదురుగా ఉంటుంది, ఇది డిస్టోనియానా, మజిల్ టెన్షనా, వణుకా అన్నదే ప్రశ్న. పైగా యంత్రం నేర్చుకునేది డాక్టర్లు పెట్టిన పేర్ల నుంచి. ఆ పేర్ల మీదే నిపుణులకు ఏకాభిప్రాయం లేని చోట యంత్రం కచ్చితత్వాన్ని ఎంతవరకు నమ్మాలో ఆలోచించాల్సిందే.

ఇంకో రెండు ఆసక్తికరమైన జాడలు. రోగుల్లో దాదాపు సగం మందికి కొద్దిగా మద్యం తీసుకుంటే గొంతు తేలికపడుతుంది. ఇది తాగమని సలహా కాదు, మెదడు రసాయనాల గురించి దొరికిన ఆచూకీ. ఆ ఆచూకీ పట్టుకుని, మద్యంలా పనిచేసే సోడియం ఆక్సిబేట్ అనే మందును పరీక్షించారు. మద్యానికి స్పందించే రోగుల్లోనే దానికీ ఫలితం కనిపించింది. అంటే ఒకే పేరుతో పిలుస్తున్న రోగుల్లోనే లోపల రెండు గుంపులున్నాయన్నమాట. రెండోది, 2019లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యుర్గెన్ కాంజాక్ బృందం గొంతు చర్మం మీద చిన్న వైబ్రేటర్ పెట్టి చూసింది. 13 మందిలో 9 మందికి గొంతు మెరుగుపడింది, ఆ మార్పు వైబ్రేటర్ తీసేశాక కూడా కాసేపు నిలిచింది. కదలికల జబ్బు అనుకుంటున్న దానిలో స్పర్శకూ వాటా ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది. మెడ వంకరపోయే డిస్టోనియా ఉన్నవాళ్లు గడ్డం మీద వేలు ఆనిస్తే మెడ కాసేపు నిటారుగా నిలవడం లాంటిదే ఇదీ.

ఈ లక్షణాలు మీకో మీ ఇంట్లోవాళ్లకో ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఫోన్‌లో గొంతు రికార్డు చేసి పెట్టుకోండి. పరీక్ష గదిలో ఆ పది నిమిషాలు గొంతు ఉన్నదానికన్నా బాగుండొచ్చు, టెన్షన్‌కు ఇంకా చెడొచ్చు. ఒక ఫోన్ సంభాషణ, పత్రికలోంచి చదివిన నాలుగు వాక్యాలు, సాగదీసిన "ఆ...", గుసగుస, ఒక కూనిరాగం, ఒక నవ్వు ఉంటే చాలు. ఈఎన్‌టీ డాక్టర్, గొంతు మీద పనిచేసే స్పీచ్ థెరపిస్ట్, న్యూరాలజిస్ట్ ఈ ముగ్గురూ వినేలా చూసుకోండి. నవ్వు విని ఎవరైనా "ఇక్కడ గొంతు బాగానే ఉందిగా" అంటే, మీరు వాళ్లకు వినిపించాలనుకున్నది సరిగ్గా అదేనని చెప్పండి.